విశాఖలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎలా చదవాలి

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. చేస్తే ఉద్యోగం వస్తుందా అని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోయే పిల్లలు నన్ను అడుగుతుంటారు. సివిల్స్‌కైనా గ్రూప్-1కైనా ఏ డిగ్రీ ఉన్నా చాలు; ఈ పట్టాకు ప్రత్యేకమైన వాటా లేదు. కానీ రేపు మీ బల్ల ముందు నిలబడిన మనిషి పని ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవాలంటే ఈ చదువు అక్కరకు వస్తుంది. ఇదే చదివి రెవెన్యూ శాఖలో పనిచేస్తున్నదానిగా నా సలహా: ప్రతి పాఠానికీ ఈ ఊళ్లోనే ఒక ఉదాహరణ వెతకండి.

ఉద్యోగస్వామ్యం (బ్యూరోక్రసీ), అంటే నియమాల ప్రకారం అంచెలంచెలుగా నడిచే కార్యాలయ వ్యవస్థ, గురించి రాసిన మాక్స్ వెబర్ పాఠం చదివిన వారంలోనే ఒక అర్జీ వెంట నడవండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. మీ వీధిలో పింఛను ఆగిపోయిన అవ్వ ఉంటే అర్జీ రాసిపెట్టి తోడు వెళ్లండి, రసీదు అడిగి తీసుకోండి. తర్వాత ఆ అర్జీ సంబంధిత శాఖకు చేరుతుంది. జూనియర్ అసిస్టెంటు నోట్ ఫైలు పెడతారు, సూపరింటెండెంటు అభిప్రాయం రాస్తారు, అధికారి ఉత్తర్వు ఇస్తారు. ఎవరి దగ్గర ఎన్నాళ్లుంది, ఏ నిబంధన చూపారు అన్నది తేదీలతో రాసుకోండి. నియమాలే లేకపోతే అవ్వకు దిక్కు లేదు. నియమమే పరమార్థమైపోయినా దిక్కు లేదు. ఈ రెండూ ఒక్కసారే అర్థమైన విద్యార్థి ఉద్యోగస్వామ్యం మీద ఏ ప్రశ్న అడిగినా తడబడరు.

స్థానిక పాలనకు ఒక కాగితం చాలు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్, అంటే పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ పనుల జాబితా, లోని 18 అంశాలూ రాసి, పక్కన ఇక్కడ ఆ పని ఎవరు చేస్తున్నారో రాయండి. మంచినీళ్లు, చెత్త, వీధి దీపాలు నగర పాలక సంస్థ జీవీఎంసీవి. పట్టణ ప్రణాళిక మొదటి అంశం. అయినా మాస్టర్ ప్లాన్ దగ్గరకు వచ్చేసరికి విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) ఉంటుంది. మేయరును కార్పొరేటర్లు ఎన్నుకుంటారు, కమిషనరును రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. వికేంద్రీకరణ మీద నా అభిప్రాయం ఆ కాగితం చూశాకే గట్టిపడింది: పనులు కిందికి దిగినంతగా అధికారం దిగలేదు.

విపత్తు నిర్వహణకు 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానును తీసుకోండి. ఆనాటి పత్రికలు గ్రంథాలయంలో తిరగేస్తూ, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 25వ సెక్షన్ పక్కన పెట్టుకోండి. జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షులు, స్థానిక సంస్థ ప్రజాప్రతినిధి సహాధ్యక్షులు. పాలనకూ రాజకీయానికీ గీత గీయవచ్చని అమెరికా పండితుడు వుడ్రో విల్సన్ 1887లో రాసినదాన్ని ఇక్కడ పరీక్షించవచ్చు.

విల్సన్‌నూ, సంస్థల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయో రాసిన హెర్బర్ట్ సైమన్‌నూ సొంత మాటల్లో తలా ఒక పేజీగా రాసుకుంటే చాలు, గైడ్లు అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం వేసిన రెండో పాలనా సంస్కరణల సంఘం నివేదికలు 15 ఉన్నాయి, వరుసగా చదవకండి. రాష్ట్ర, జిల్లా పాలన మీద వచ్చిన 15వ నివేదికతో మొదలుపెట్టి, స్థానిక పాలన మీది ఆరవదానికి వెళ్లండి. అప్పటికి మీ అర్జీ కదలకపోతే, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఫైలు నకలు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.