మీ డిపోలో 2019 ఆర్టీసీ సమ్మె చరిత్రను రాయడం ఎలా

2019 అక్టోబరు 5న మొదలై నవంబరు 25 దాకా 52 రోజులు సాగిన తెలంగాణ ఆర్టీసీ సమ్మె గురించి నల్లగొండలో అడిగినా, మహబూబ్‌నగర్‌లో అడిగినా ఎక్కువమంది రెండు రోజుల గురించే చెబుతారు: బస్సులు ఆగిన రోజు, నవంబరు 9న ట్యాంక్‌బండ్ దగ్గర లాఠీలు లేచిన రోజు. ఆ రెండింటి నడుమ సరిగ్గా ఐదు వారాలున్నాయి. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలంటూ డిపో ముందు టెంటు కింద కూర్చున్నవారు బారికేడ్ల దాకా ఎందుకు వెళ్లారో తెలిసేది ఆ ఐదు వారాల్లోనే గనుక, ముందుగా ఆ ఖాళీని నింపుకోవాలి.

ఒక నోటుపుస్తకంలో రోజుకొక పేజీ కేటాయించి, వివాదం లేని తేదీలను మొదట రాసుకోండి. విధుల్లో చేరడానికి అక్టోబరు 5 సాయంత్రం 6 గంటల గడువు, ఆలోగా రానివారు తమను తామే తొలగించుకున్నట్లన్న ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటన, అక్టోబరు 19 నాటి రాష్ట్ర బంద్, 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని నవంబరు 2న మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం, విధుల్లో చేరడానికి మళ్లీ ఇచ్చిన నవంబరు 5 అర్ధరాత్రి గడువు, నవంబరు 9 నాటి చలో ట్యాంక్‌బండ్ అందులో ఉండాలి. ఉమ్మడి నల్లగొండ వారు హుజూర్‌నగర్ ఉప ఎన్నికను విడిచిపెట్టకూడదు. అక్టోబరు 21న పోలింగ్, 24న ఫలితం. అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్‌కు అక్కడ ప్రకటించిన మద్దతును సీపీఐ ఈ సమ్మె కారణంగానే వెనక్కి తీసుకుంది, అయినా అధికార పార్టీయే గెలిచింది. ఆ ఫలితం వచ్చిన సాయంత్రం మీ డిపో టెంటులో ఏం మాట్లాడుకున్నారో అడిగి తీరాలి.

సాక్షులను తేదీలు అడిగితే తడబడతారు, పండుగలు అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఆ ఏడాది సద్దుల బతుకమ్మ అక్టోబరు 6న, దసరా 8న, దీపావళి 27న వచ్చాయి. అయితే జ్ఞాపకాన్ని కాగితంతో సరిచూడక తప్పదు. దేవరకొండ వైపు ఒక రిటైర్డ్ కండక్టరు, “దీపావళి దాటినంకనే ఇంట్ల ఇబ్బంది మొదలైంది సార్” అని నాతో గట్టిగా చెప్పారు. ఆయన భార్య లోపలి నుంచి కిరాణా ఖాతా పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. సెప్టెంబరు దాకా నెలనెలా కొట్టివేసిన లెక్కలున్నాయి. దసరా నుంచి కొట్టివేత అన్నదే లేదు, లీటరు నూనె అర లీటరై, ఆపైన పావు లీటరుకు దిగింది. పూర్తిగా పనిచేసిన సెప్టెంబరు నెల జీతం కూడా కార్మికులకు అప్పట్లో అందలేదన్న సంగతిని ఆ పుస్తకం ఏ ఉపన్యాసం కన్నా బాగా చెప్పింది.

ఘర్షణ జరిగిన రోజును రాసేటప్పుడు “ఉద్రిక్తత నెలకొంది” అనే పత్రికల మాటను దగ్గరికి రానీయకండి. అది రాస్తే ఎవరు ఏం చేశారో చెప్పే బాధ్యత తప్పిపోతుంది. రాయి పడిందా, లాఠీ లేచిందా, ఏది ముందు, ఎన్ని గంటలకు, చెప్పేవారు కళ్లారా చూశారా, విన్నారా అన్నది విడివిడిగా రాయాలి. ఎఫ్‌ఐఆర్‌లో సంఘటన జరిగిన సమయం, స్టేషనుకు సమాచారం అందిన సమయం వేర్వేరు గడుల్లో ఉంటాయి, రెండూ ఎత్తి రాసుకోండి. నవంబరు 9నే అయోధ్య తీర్పు కూడా వెలువడింది కాబట్టి, మరునాటి పత్రికల్లో మొదటి పేజీతో ఆగకుండా జిల్లా పేజీల దాకా తిరగేయాలి. మీ ఊరి నుంచి హైదరాబాదుకు బయలుదేరి దారిలోనే అరెస్టయినవారి కథ ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంటుంది.

రోజుకు 1,500 రూపాయలకు స్టీరింగు పట్టిన తాత్కాలిక డ్రైవర్లనూ, అద్దె బస్సుల యజమానులనూ, గేటు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుళ్లనూ కలవండి. వారిని విరోధులుగా చూస్తూ ప్రశ్నలడిగితే వారు నోరు విప్పరు. ప్రాణాలు తీసుకున్న కార్మికుల విషయంలో మాత్రం కుటుంబం ఒప్పుకుంటేనే రాయాలి, ఎలా చనిపోయారన్న వర్ణన అక్కరలేదు.

సమ్మె చట్టబద్ధమా కాదా అన్న వాదనలోకి దిగేముందు, అప్పట్లో అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 22వ సెక్షను చదవండి. ప్రజోపయోగ సేవల్లో నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలని, రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మెకు దిగరాదని అది చెప్పేది. మీ దగ్గరున్న నోటీసు తేదీని, చర్చల తేదీలను పక్కపక్కన పెడితే ఇరుపక్షాల వాదన అర్థమవుతుంది.

రాతను నవంబరు 25తో ముగించడం చాలామంది చేసే పొరపాటు. ఆ రోజు కార్మిక సంఘాల ఉమ్మడి వేదిక అయిన జేఏసీ సమ్మె విరమించింది గానీ, మరునాడు డ్యూటీకి వచ్చినవారిని డిపోల్లోకి రానీయలేదు. ముఖ్యమంత్రి 28న అనుమతి ప్రకటించాక, 29న గేట్లు తెరుచుకున్నాయి. కాబట్టి మీ పుస్తకంలో చివరి పేజీ ఆ 29వ తేదీదే కావాలి. ఆ తెల్లవారుజామున మీ డిపో నుంచి మొదట బయలుదేరిన పల్లెవెలుగు ఏ ఊరికి వెళ్లిందో, దాన్ని నడిపినవారు ఎన్ని రోజుల తరవాత స్టీరింగు పట్టారో కనుక్కొని అక్కడ రాయండి.