పవర్ పెంచిన సెడాన్‌కి పెద్ద బ్రేకులు కావాలా? ట్రాక్ డేకీ ఘాట్ రోడ్డుకీ ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సెడాన్‌కి స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించగానే చాలామంది చూపు పెద్ద బ్రేక్ కిట్ మీద పడుతుంది. ఎర్ర రంగు క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగాలు), ఆరు పిస్టన్లు, రిమ్ము నిండా డిస్కు. డబ్బు కట్టేముందు ఒక్క పరీక్ష చేయండి. వెనకా ముందూ ఎవరూ లేని, పొడిగా ఉన్న తిన్నని రోడ్డు మీద 80లో వెళ్తూ పెడల్‌ని ఒక్కసారిగా బలంగా తొక్కండి. పాదం కింద టకటకమంటూ ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) కొట్టుకుందా? అయితే మీ బ్రేకుల బలం ఇప్పటికే టైర్ల పట్టును దాటిపోయింది. ఆ ఒక్క స్టాపులో ఎంత పెద్ద డిస్కు వేసినా దూరం తగ్గదు. తగ్గాలంటే మార్చాల్సింది టైర్లు.

లెక్క వేసి చూసినా ఇదే తేలుతుంది. 1,600 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు దానిలో ఉండే శక్తి దాదాపు 617 కిలోజౌళ్లు. మంచి టైర్లుంటే సుమారు 40 మీటర్లలో, మూడు సెకన్లలోపు ఆగుతుంది. అంటే ఆ కాసేపూ బ్రేకులు సగటున 290 హార్స్‌పవర్ లాగినట్టు, తొక్కిన తొలి క్షణంలోనైతే దానికి రెట్టింపు. ఇంజిన్‌ని 250 నుంచి 320కి పెంచినంత మాత్రాన బ్రేకులు బలహీనం అయిపోవు.

అవి ఓడిపోయేది వేడి దగ్గర. అదీ ఒకసారి తొక్కితే కాదు, మళ్లీ మళ్లీ తొక్కితే. కార్ల బ్రేకులకు వర్తించే ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నియమంలో ఫేడ్ (వేడికి బ్రేకు పట్టు తగ్గడం) పరీక్ష ఒకటుంది. వేగంగా పోగల కారుని 120 నుంచి 60కి, 45 సెకన్లకోసారి, మొత్తం 15 సార్లు తగ్గిస్తారు. తొక్కేది కూడా మోస్తరుగానే, ఏబీఎస్ పలికేంత బ్రేకింగ్‌లో మూడో వంతు. ఆ తర్వాత కూడా బ్రేకులు నిర్ణయించిన మేరకు పనిచేస్తే పాస్. ఇప్పుడు ట్రాక్, అంటే రేసు సర్క్యూట్, తీసుకోండి. 180 నుంచి 80కి తగ్గితే ఒక్కసారికే 1,600 కిలోజౌళ్లు, అదీ 20–25 సెకన్లకోసారి. ఆ పరీక్షతో పోలిస్తే వేడి పుట్టే వేగం నాలుగైదు రెట్లు. అందులో 70 శాతం దాకా ముందు చక్రాలకే పోతుంది. పది కిలోల ముందు డిస్కు ఒక్కో బ్రేకింగ్‌కి నూరు డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, చల్లారే తీరిక ఉండదు.

పవర్ పాత్ర ఇక్కడ వస్తుంది. అదే స్ట్రెయిట్ చివర 180 బదులు 200 అందుకున్నారనుకోండి. స్పీడు పెరిగింది 11 శాతమే. 80కి తగ్గడానికి బ్రేకులు మింగాల్సిన వేడి మాత్రం 29 శాతం పెరిగింది. అందుకే కిట్ గురించి నిర్ణయించాల్సింది హార్స్‌పవర్ అంకె చూసి కాదు. ఆ పవర్‌ని ఎక్కడ, వరసగా ఎన్నిసార్లు వాడతారన్నది చూసి. ఊళ్లోనూ హైవే మీదా తిరిగే కారుకి కంపెనీ బ్రేకులే చాలు, అవి సవ్యంగా ఉంటే. ట్రాక్‌కీ పొడవాటి ఘాట్ దిగడానికీ ముందు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి, వాటి వరస కూడా ముఖ్యమే.

మొదట బ్రేక్ ఆయిల్

అన్నిటికంటే తక్కువ ఖర్చు దీనికే. ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. డాట్ 5.1కి 260, 180. డిస్కు వేడి ప్యాడ్ల మీదుగా పిస్టన్లకీ, అక్కణ్ణించి ఆయిల్‌కీ చేరుతుంది. ఆయిల్ మరిగిందంటే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ మెత్తగా, స్పాంజిలా, ఏ అడ్డూ లేకుండా నేలకి దిగిపోతుంది.

రెండేళ్లు దాటిన ఆయిల్‌తో ట్రాక్‌కి వెళ్లకండి. ట్రాక్ కోసం కొత్త సీసాలో 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిళ్లు దొరుకుతాయి. అవి కూడా తేమ పీలుస్తాయి కాబట్టి ఏడాదికోసారి, తరచూ ట్రాక్‌కి వెళ్తే ఇంకా ముందే మార్చాలి. సీలు తీసి నెలల తరబడి అల్మారాలో ఉంచిన సగం సీసా పనికిరాదు. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ రకం. పేరు దగ్గరగా ఉందని దాన్ని డాట్ 4, 5.1లతో కలిపితే సిస్టమ్ మొత్తం విప్పి కడుక్కోవాల్సి వస్తుంది.

మొత్తం మార్చడానికి లీటరు ఆయిల్ దగ్గర పెట్టుకోండి. మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. పెడల్ నొక్కి పట్టాలి, క్యాలిపర్ మీద గాలి తీసే నిపుల్ పావు తిప్పు తెరవాలి, ఆయిల్ వచ్చాక మూయాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. మూయకముందే వదిలితే గాలి లోపలికి పోతుంది. పైన డబ్బాలో మట్టం కనీస గీత కిందికి దిగనివ్వకండి. పాత కారైతే పెడల్‌ని నేల దాకా తొక్కొద్దు. మాస్టర్ సిలిండర్ లోపల ఎప్పుడూ వాడని చోట తుప్పు, మడ్డి ఉంటాయి, సీలు అక్కడికెళ్లి చిరుగుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెడితే సరి. ఏబీఎస్ యూనిట్ లోపల గాలి చిక్కితే కొన్ని కార్లకు స్కానర్ లేకుండా అది బయటికి రాదు. ఆయిల్ పెయింట్ మీద చిందితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడగండి.

తర్వాత ప్యాడ్లు

ఆయిల్ బాగున్నా ప్యాడ్లు చేతులెత్తేయొచ్చు. ఈ తేడా పాదానికి తెలుస్తుంది. పెడల్ చెక్కలా గట్టిగా ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడ్లది: ఆ వేడికి వాటి రాపిడి పడిపోయింది. మెత్తగా దిగిపోతే తప్పు ఆయిల్‌ది. రెంటికీ మందు వేరు. మొదటిదానికి ఆయిల్ మార్చినా, రెండోదానికి ప్యాడ్లు మార్చినా ఆ ఖర్చు వృథా.

రోడ్డు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే పట్టేలా చేస్తారు, బాగా వేడెక్కితే జారిపోతాయి. పూర్తి రేసు ప్యాడ్లు దీనికి తిరగేసి: వేడెక్కితేనే పట్టు, పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గర కారు అనుకున్న చోట ఆగదు. రోజూ నడిపే కారుకి రేసు ప్యాడ్లు వేయడం మా దృష్టిలో తప్పు. రెంటికీ మధ్యస్థంగా, వేగంగా నడిపే రోడ్డు కార్లకూ అప్పుడప్పుడు ట్రాక్‌కీ అని చేసిన ప్యాడ్లు తీసుకోండి. ముందూ వెనకా ఒకే రకం ఉండాలి. వెనక మాత్రమే ఎక్కువ పట్టున్నవి వేయడం అస్సలు వద్దు. బ్రేకు తొక్కుతూ మలుపులోకి వెళ్లినప్పుడు వెనక చక్రాలు ముందే జారి కారు తిరిగిపోతుంది.

కొత్త ప్యాడ్లు వేసి నేరుగా ట్రాక్‌కి వెళ్లడం ఇంకో పొరపాటు. అందులోని రెజిన్ మొదటిసారి బాగా కాలినప్పుడు వాయువు వదులుతుంది, ఆ పొర మీద ప్యాడ్ తేలుతుంది, కారు ఆగదు. కాబట్టి ముందే సెట్ చేయాలి. ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20కి, ఏబీఎస్ రాకుండా గట్టిగా, వరసగా 8 నుంచి 10 సార్లు తగ్గించండి. మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆపొద్దు. తర్వాత వీలైనంత వరకు బ్రేకు ముట్టకుండా పది నిమిషాలు నడిపి చల్లార్చండి. ప్యాడ్ కంపెనీ వేరే పద్ధతి చెబితే అదే పాటించండి. డిస్కు మీద మచ్చల్లేని, ఒకే తీరైన బూడిదరంగు పొర కనిపిస్తే పని అయినట్టు.

ముందురోజు చక్రాలు విప్పి

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద పని చేయొద్దు, స్టాండ్లు పెట్టండి. రోడ్డుకైతే ప్యాడ్ మందం 3 మి.మీ. దగ్గరికి రాగానే మారుస్తాం. ట్రాక్‌కి అంత దాకా ఆగకూడదు. సగం అరిగిన ప్యాడ్ వేడిని అడ్డుకోలేదు, నేరుగా పిస్టన్‌కి పంపేస్తుంది. సగానికి తక్కువుంటే కొత్తవి వేసుకుని, పాతవి రోడ్డు మీద అరగదీసుకోండి.

ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పల్చగా ఉందా? లోపలి ప్యాడ్ అరిగి బయటిది అలాగే ఉందా? క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు పట్టేశాయి. తీసి, తుడిచి, బ్రేకులకని చేసిన సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రబ్బర్ని ఉబ్బిస్తుంది. డిస్కు కనీస మందం అంచు మీదో మధ్య భాగం మీదో చెక్కి ఉంటుంది, మైక్రోమీటరుతో కొలిచి చూడండి. వెంట్రుకవాసి పగుళ్ల గీతలు సహజం. గీత అంచు దాకా పాకినా, గోరు తట్టుకునేంత లోతున్నా ఆ డిస్కు ఆ రోజుతో సరి. రంధ్రాల డిస్కులు ట్రాక్ మీద ఆ రంధ్రాల దగ్గరే పగులుతాయి. చూపుకి బాగున్నా సరే, ట్రాక్‌కి గాడి డిస్కులో సాదావో మేలు.

వెనక ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉంటే సర్వీస్ మోడ్‌లో పెట్టాకే పిస్టన్ వెనక్కి తోయాలి, బలవంతం చేస్తే లోపలి మరలు పోతాయి. హోస్ పైపులు చేత్తో వంచి పగుళ్లు చూడండి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఎక్కడా రాసుకోవట్లేదని చూడండి. అన్నీ బిగించాక చక్రాల నట్లకు టార్క్ రెంచ్, మాన్యువల్‌లో ఉన్న అంకె. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి. పిస్టన్లు వెనక్కి తోసి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడుకి బ్రేకు ఉండదు. గ్యారేజీ గోడకి గుద్దుకునే కార్లు చాలావరకు ఈ ఒక్క అడుగు మరిచినవే.

కిట్ నిజంగా ఎప్పుడు కావాలి

కొత్త రేసింగ్ ఆయిల్, సరైన ప్యాడ్లు, బంపర్ నుంచి డిస్కు మధ్యకి గాలి తెచ్చే గొట్టాలు, ఇన్ని ఉన్నా పెడల్ పొడవవుతోందా (ఎక్కువ లోతుకి దిగుతోందా)? ఒక్క రోజులోనే ప్యాడ్లు అయిపోతున్నాయా? డిస్కులు పగులుతున్నాయా? అప్పుడు పెద్ద డిస్కు కావాలి. ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. డిస్కు అంచున రాసే పెయింట్లు ఉన్నాయి, 430, 560, 610 డిగ్రీల దగ్గర రంగు మారతాయి. క్యాలిపర్‌కి అంటించే పట్టీలు కూడా దొరుకుతాయి. 610 గీత కూడా మారి కనిపిస్తే ఆ డిస్కు మోయలేని బరువు మోస్తోంది.

కిట్ కొనేటప్పుడు రంగూ పిస్టన్ల సంఖ్యా కాదు అడగాల్సింది. పిస్టన్ల మొత్తం వైశాల్యం పాతదానితో పోలిస్తే ఎంత? బాగా ఎక్కువైతే పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. 312 మి.మీ. డిస్కు తీసి 355 మి.మీ. వేశారంటే అదే ఒత్తిడికి ముందు బ్రేకు బలం సుమారు 14 శాతం పెరుగుతుంది. వెనక అలాగే ఉంటుంది. దాంతో ముందు టైర్లు తొందరగా లాక్ అవబోతాయి, ఏబీఎస్ ముందే వస్తుంది, వెనక టైర్ల పట్టు వాడుకోకుండానే పోతుంది. ఖరీదైన కిట్ వేశాక ఆగే దూరం పెరగడం ఇలాగే జరుగుతుంది. ఆ కారు కోసమే లెక్క కట్టిన కిట్ పిస్టన్ సైజు తగ్గించి దీన్ని సరిచేస్తుంది.

ఆర్డర్ ముందు కంపెనీ ఇచ్చే అట్ట నమూనా కత్తిరించి రిమ్ము లోపల తిప్పి చూడండి. చువ్వకీ క్యాలిపర్‌కీ మధ్య కనీసం 3 మి.మీ. సందు కావాలి. రిమ్ము లోపల అంటించిన బ్యాలెన్స్ బరువులు క్యాలిపర్‌కి తగులుతాయేమో కూడా చూసుకోండి. డిక్కీలోని స్పేర్ చక్రం ఇక ముందు పట్టకపోవచ్చు. అలాగైతే ముందు పంక్చర్ పడినప్పుడు వెనక చక్రం ముందుకీ స్పేర్ వెనక్కీ వేయాలనుకుంటారు, కానీ వెనక రిమ్ము కూడా ముందు పడుతుందో లేదో ఇంటి దగ్గరే వేసి చూడాలి. బిగించేటప్పుడు కుడి ఎడమలు తారుమారు కాకూడదు. గాలి తీసే నిపుల్ పైవైపే ఉండాలి. అది కిందికి వస్తే ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా (ఆయిల్‌లోని గాలి బయటికి తీసినా) పెడల్ గట్టిపడదు.

ఆ రోజు

ఘాట్‌లో బ్రేకుల కంటే గేర్లే ముఖ్యం. మనుషులతో కలిపి 1,900 కిలోల కారు 600 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 11 మెగాజౌళ్లకు పైమాటే. 100 నుంచి పూర్తిగా 15 సార్లు ఆపినంత. ఆటోమేటిక్ అయినా మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో మూడో గేరో పట్టి ఇంజిన్‌కి పని అప్పగించండి. తొక్కినప్పుడు గట్టిగా తొక్కి పూర్తిగా వదలండి. పాదం ఆనించి ఉంచితే డిస్కుకి చల్లారే సమయం ఉండదు. వేడి ప్యాడ్ల ఘాటు వాసన వస్తే అప్పటికే ఆలస్యమైంది, వేగం తగ్గించి చోటు చూసుకుని ఆగండి.

ట్రాక్‌లో మొదటి ల్యాప్ వేడెక్కడానికి, తర్వాత మూడు నాలుగు గట్టిగా, చివరిది బ్రేకు దాదాపు ముట్టకుండా చల్లార్చడానికి. పెడల్ కొద్దిగా పొడవైనట్టు అనిపించిన ల్యాపే చివరిది, ఇంకొక్కటి అనుకోవద్దు. ఈఎస్‌సీ (కారు అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే అది మలుపుల్లో తనంతట తనే బ్రేకులు వాడుతుంది కాబట్టి వెనక ప్యాడ్లు ఊహించనంత వేగంగా అరుగుతాయి. ప్రతి సెషన్ తర్వాతా వాటినీ చూడండి.

ప్యాడాక్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) వచ్చాక హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, పెడల్ మీద పాదం ఉంచొద్దు. గేర్లో, ఆటోమేటిక్ అయితే పీలో పెట్టి చక్రానికి అడ్డు పెట్టండి. కాలుతున్న డిస్కుకి ప్యాడ్ ఒకే చోట ఆనితే దాని పదార్థం అక్కడ అంటుకుంటుంది. మర్నాడు బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంది, డిస్కు వంగిందంటారు. చాలాసార్లు అది వంగడం కాదు, ఆ అంటుకున్న మచ్చే. చల్లారాక నట్ల టార్క్ మళ్లీ చూసి, ఇంటికి బయల్దేరే ముందు నిలబడ్డ చోటే పెడల్ తొక్కి చూడండి. పొద్దుటికంటే మెత్తగా ఉంటే ఆయిల్ మరిగిందన్నమాట. బ్లీడ్ చేయకుండా రోడ్డెక్కొద్దు.