పికప్‌లో టూల్ బాక్స్ కదులుతోందా? చప్పుడును బట్టి కారణం, కారణాన్ని బట్టి బిగింపు

దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్లు పైకి తీయడం, బాగుచేసి దించడం నా పని. పైపు పానాలు, క్లాంపులు, చైన్ పుల్లీ, కేబుల్ ముక్కలు, మెగ్గర్ (మోటారు వైండింగ్ ఇన్సులేషన్ చూసే మీటరు) అన్నీ పికప్ బాడీలో ఒక ఇనుప పెట్టెలో ఉంటాయి. సామాను నింపితే ఆ పెట్టె 90 కిలోలు తూగుతుంది. రెండేళ్లు దాన్ని నైలాన్ తాడుతో కట్టి తిప్పాను. ఒక సాయంత్రం డిండి నుంచి వస్తుంటే బర్రెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. బ్రేకు గట్టిగా తొక్కాను. బండి ఆగింది, పెట్టె ఆగలేదు. క్యాబిన్ వెనక రేకు లోపలికి సొట్టపోయింది. దానికి ఇవతల సీట్లో మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. వాడికి ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత నా బండికీ, తోటి మెకానిక్‌ల బండ్లకూ ఇలాంటి పెట్టెలు చాలానే బిగించాను. దాదాపు ప్రతి బండిలో కనిపించిన తప్పు ఒకటే. పెట్టె నేల మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా బోల్టు బిగించేస్తారు. ముందు కూర్చోబెట్టాలి, తర్వాతే బిగించాలి.

సమస్య: స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే టకటక చప్పుడు

పానా పట్టుకునే ముందు పెట్టె ఖాళీ చేయండి. సగం చప్పుళ్లు లోపల దొర్లే సామానువే. ఖాళీ చేశాక కూడా వస్తే ఇద్దరు కావాలి. ఒకరు పెట్టెను మూలల దగ్గర పట్టి ఊపాలి, ఇంకొకరు పెట్టె అంచూ బాడీ రేకూ కలిసే చోట వేలు పెట్టి చూడాలి. వెంట్రుకవాసి కదిలినా వేలికి తెలుస్తుంది. నాలుగు మూలలూ అలాగే చూడండి.

ఎక్కువసార్లు తేలేది ఏమిటంటే, పెట్టె మూడు మూలల మీదే నిలబడి ఉంటుంది. బాడీ రేకు చదునుగా ఉండదు, పొలంలో లాగే దాని మీద గట్లూ గాళ్లూ ఉంటాయి. సిమెంటు బస్తాలు, పైపులు మోసీ మోసీ మధ్యలో కొంచెం దిగి కూడా ఉంటుంది. నాలుగో మూల గాల్లో ఉంటే బోల్టుతో దాన్ని కిందికి గుంజుతారు. ఆ రోజుకు చప్పుడు ఆగుతుంది, నెల తిరక్కుండానే మళ్లీ మొదలవుతుంది.

దీనికి చేయాల్సింది: బోల్టులన్నీ తీసేసి పెట్టెను ఊరికే పెట్టండి. ఏ మూల కింద సందు ఉందో అక్కడ ఇనుప పట్టీ ముక్కలు ఒక్కొక్కటే దూర్చండి. చేత్తో నొక్కితే ఏ మూలా ఊగకూడదు. ఈ పనికి అరగంట పడుతుంది. మొత్తం పనిలో విలువైన అరగంట ఇదే.

సమస్య: బిగించిన నట్లు వారానికే వదులవుతున్నాయి

మన దగ్గర అందరూ స్ప్రింగ్ వాషర్ వేసి ఇక వదలదని ధైర్యంగా ఉంటారు. నట్టును వదులు చేసేది పైకీ కిందికీ వచ్చే కుదుపు కంటే అడ్డంగా జరిగే చిన్న జారుడు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు ఈ సంగతిని పరీక్షలు చేసి చూపించాడు. పెట్టె పక్కకు కొంచెం కొంచెం జారుతున్నంతకాలం స్ప్రింగ్ వాషర్ దాన్ని పట్టి ఉంచలేదు. జారుడు ఆపాలంటే బిగువు ఉండాలి. బిగువు నిలవాలంటే బోల్టు దారిలో మెత్తటిదేదీ ఉండకూడదు.

తప్పు జరిగేది ఇక్కడే. చప్పుడు రాకుండా ఉంటుందని పెట్టె కింద పాత ట్యూబు ముక్క వేసి, దాని మీదుగానే బోల్టు బిగిస్తారు. మన ఎండలకు, బరువుకు ఆ రబ్బరు నెమ్మదిగా అణిగిపోతుంది. అది అర మిల్లీమీటరు అణిగితే చాలు, నట్టు తిరక్కుండానే బిగువు పోతుంది. రబ్బరు వేయండి, వేస్తే మంచిదే. కానీ బోల్టు ఉన్నచోట రబ్బరును గుండ్రంగా కోసేసి, అక్కడ అంతే మందంలో ఇనుప వాషర్లు పేర్చండి. బోల్టు ఇనుమును ఇనుముకు పట్టాలి. రబ్బరు పని చుట్టూ సందు మూయడం వరకే.

నట్టు నైలాక్‌ది తీసుకోండి, అంటే లోపల నైలాన్ రింగు ఉండేది. ఒకసారి విప్పితే మళ్లీ అదే వేయకుండా కొత్తది వేయండి. బోల్టు తల మీద 8.8 అని (అది బలం గ్రేడు) ఉన్న ఎమ్10 సైజు, అంటే 10 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు ఉంటే ఇలాంటి పెట్టెకు సరిపోతాయి. వాటికి సుమారు 45 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. టార్క్ రెంచి, అంటే బిగింపు బలం కొలిచే పానా లేనివాళ్లు ఇలా లెక్క చూసుకోవచ్చు: జానెడు పొడవున్న 17 నంబరు పానా చివర పట్టుకుని 20 నుంచి 25 కిలోల బలంతో గుంజినట్టు. పానాకు పైపు తొడిగి వేలాడొద్దు, రేకు లోపలికి కుంగుతుంది.

బిగించాక నట్టు మీదుగా రేకు దాకా పెయింటుతో ఒక గీత గీయండి. ఒకటి రెండు రోజులు బండి తిరిగాక ఒకసారి పానా వేసి చూడండి. ఆ తర్వాత నట్టు తిరిగిందో లేదో గీతే చెబుతుంది.

సమస్య: బ్రేకు వేస్తే పెట్టె ముందుకు, చడావులో వెనక్కి

కారణం తాడు. నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. ఎండిన తారు రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే 90 కిలోల పెట్టె సుమారు 70 కిలోల బలంతో ముందుకు నెడుతుంది. రేకు మీద రాపిడి అందులో సగం ఆపితే గొప్ప. మిగతా బలం అంతా తాడు మీదే, అదీ చాలాసార్లు మూత హ్యాండిల్‌కు కట్టిన తాడు మీద. హ్యాండిల్ పెట్టెను ఎత్తడానికి పెట్టింది, బండిని ఆపే బలానికి కాదు.

పెట్టెను క్యాబిన్ వైపు, బాడీ ముందు గోడకు ఆనించి పెట్టండి. వెనక వైపు ఒక యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ముక్కను అడ్డంగా బోల్టు చేయండి. ముందుకు నెట్టే బలం గోడ మీదికి, వెనక్కి లాగే బలం యాంగ్లర్ మీదికి పోతే బోల్టులకు బిగువు నిలబెట్టే పనే మిగులుతుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో తిరిగే బండ్లకు ఈ యాంగ్లర్ తప్పనిసరి అనే అంటాను. అద్దె బండి అయి రంధ్రాలు వేయడం కుదరకపోతే రాచెట్ బెల్టులు రెండు, హ్యాండిల్‌కు కాకుండా పెట్టె చుట్టూ వేసి, బాడీ కొక్కేలకు ఏటవాలుగా లాగి బిగించండి. ప్రతి ప్రయాణానికీ ముందు బెల్టు బిగువు చూడాలి.

సమస్య: రంధ్రాలు కోలగా అయ్యాయి, రేకు చిరుగుతోంది

బోల్టు బలహీనమని పెద్ద సైజు వేయించుకున్నవాళ్లను చూశాను. 8.8 ఎమ్10 బోల్టు ఒక్కటే మూడు టన్నుల లాగుడు తట్టుకుంటుంది. ఓడిపోయేది బాడీ రేకు. రూపాయి బిళ్లంత వాషర్ బలమంతా ఒకే చోట పెడితే రేకు అక్కడే చిరుగుతుంది.

పాత రంధ్రాలను వెల్డింగ్‌తో మూయించి, కనీసం రెండు ఇంచులు పక్కకు జరిపి కొత్తవి వేయండి. రేకు కింద, రెండేసి బోల్టులను కలుపుతూ 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ పెట్టండి. వీలైతే ఆ పట్టీ బాడీ కింది అడ్డ చానెళ్ల మీదికి వచ్చేలా చూసుకోండి. రంధ్రం గట్టు మీద వేయండి, గాడిలో వేస్తే వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి. గట్టు మీద వేసినప్పుడు దాని కింద ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఇనుప ముక్క నింపకపోతే బిగించగానే గట్టు అణిగిపోతుంది.

డ్రిల్లు పెట్టే ముందు బండి కిందికి దూరి చూడండి. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. డీజిల్ ట్యాంకు, డీజిల్ పైపు, బ్రేకు పైపు, వైర్ల కట్ట ఎక్కడెక్కడ పోతున్నాయో చూసి, పైన సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. చాసిస్ దూలానికి రంధ్రం వేయొద్దు. వెల్డింగ్ చేయించేటట్టయితే బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పించండి, ట్యాంకు దగ్గర వెల్డింగ్ వద్దే వద్దు.

సమస్య: బిగించాక మూత పడటం లేదు, తాళం కలవడం లేదు

మూతను సుత్తితో సరిచేసే ముందు ఒక బోల్టు వదులు చేసి చూడండి. మూత మామూలుగా పడితే పెట్టెలో తప్పేమీ లేదు. ఆ మూల కింద సందు ఉండగా బిగించారు, పెట్టె మెలి తిరిగింది. మొదటి సమస్యలో చెప్పిన పట్టీ ముక్కలే ఇక్కడా మందు. ఖాళీ బండిలో మూత పడి, లోడు వేసినప్పుడు పడకపోతే లోడుకు బాడీయే వంగుతోందని అర్థం. అలాంటప్పుడు పెట్టెను అడ్డ చానెళ్ల మీదికి జరపండి.

సమస్య: బోల్టుల చుట్టూ తుప్పు

డ్రిల్లు చేసిన అంచుకు పెయింటు ఉండదు. ఇనుప పొట్టు తుడిచి, అంచుకు రెడ్ ఆక్సైడ్ రాసి, ఆరాక బోల్టు చుట్టూ సిలికాన్ పూసి బిగించండి. అల్యూమినియం పెట్టె అయితే ఇనుము నేరుగా తగలకుండా మధ్యలో పెయింటో పలుచని ప్లాస్టిక్ షీటో ఉండాలి, లేదంటే తడికి అల్యూమినియం తెల్లగా పొడిబారి తినేసుకుపోతుంది.

సమస్య: పెట్టెకు పెట్టే మాయమవుతుందేమోనని టెన్షన్

బోల్టు తల కింద, నట్టు పెట్టె లోపల ఉండేలా బిగించండి. తలను కింది పట్టీకి వెల్డింగ్ చేయించి, ఆ తర్వాతే నట్టు ఎక్కించండి, వేడికి నైలాన్ కరుగుతుంది కాబట్టి. అప్పుడు తాళం తీయకుండా పానా ఎవరికీ అందదు. కింద తల తిరగదు కాబట్టి మీరు బిగువు చూసుకోవడానికి కూడా ఒక్కరే చాలు, బండి కింద రెండో మనిషి పడుకోనక్కర్లేదు.