ఒక మొక్కకి ఒక్క ఆకు: ర్యాంప్స్ కోసుకోవడం ఎలా?

ఏప్రిల్ వస్తే చాలు, అమెరికాలో మేముండే షార్లెట్ నుంచి కొండల్లో ఉన్న వేన్స్‌విల్ ఊరి వైపు బయల్దేరతాం. మా వారి ఆఫీసు స్నేహితుడి మామగారికి అక్కడ కొండవాలులో కొంత అడవి ఉంది. ర్యాంప్స్ కోయడం నాకు నేర్పింది ఆ పెద్దాయనే. ర్యాంప్స్ అంటే అక్కడి అడవుల్లో పెరిగే, ఉల్లి, వెల్లుల్లి కుటుంబం మొక్క. దాని ఆకు తింటారు. తెలుగులో 'అడవి ఉల్లి' అని రాద్దామంటే భయం వేసింది. మన దగ్గర ఆ పేరున్న గడ్డ వేరు, అది విషం.

ముందు అనుమతి సంగతి. ప్రైవేటు స్థలమైతే యజమానిని, నేషనల్ ఫారెస్ట్ (ప్రభుత్వ అడవి) అయితే రేంజర్ ఆఫీసుని అడగండి. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో ర్యాంప్స్ తవ్వడం నిషేధం.

ఉత్తరం వైపు వాలు, నల్లటి తడి మట్టి, పైన మేపుల్, బీచ్ చెట్లు ఉన్నచోట వెతకండి. పెద్ద చెట్లు చిగురించి నీడ కమ్మేలోపు, నేల మీద ఎండ పడే ఆ కొద్ది వారాల్లోనే ఇది ఆకు వేస్తుంది. తర్వాత ఆకు పసుపెక్కి వాడిపోతుంది. వేసవిలో ఆకుల్లేని ఒంటి కాడకి పువ్వు వస్తుంది.

ఇక గుర్తుపట్టడం. తొందరపడకూడని పని ఇదొక్కటే. ఆకు అరిటాకు పిలకలా మెత్తగా, వెడల్పుగా ఉంటుంది. ఒక్కో గడ్డకి రెండు మూడు ఆకులు, ఒక్కో ఆకూ దాని కాడతో నేలలోంచే లేస్తుంది. కాడ అడుగున చాలావాటికి తోటకూర కాడలా ఎరుపు. దీన్ని చూసి ర్యాంప్ అని పొరబడే మొక్కలు రెండున్నాయి. ఫాల్స్ హెలెబోర్ అనే మొక్క కూడా అదే సీజన్‌లో, అలాంటి తడి చోటే మొలుస్తుంది. దాని ఆకులు కుచ్చిళ్లు పెట్టినట్టు మడతలతో, ఒకే కాండం చుట్టూ ఉంటాయి. రెండోది లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అనే పూలమొక్క, దాని ఆకు గట్టిగా ఉంటుంది. రెండూ విషమే. నలిపి వాసన చూస్తే సరిపోతుంది కదా అంటారు. మొదటి మొక్కకైతే సరే. పది ఆకులు కోశాక మీ వేళ్లే వెల్లుల్లి వాసన కొడతాయి, ఇక ఏ ఆకు నలిపినా ర్యాంప్ లాగే ఉంటుంది. అందుకే ప్రతి మొక్కనీ కళ్లతో చూసి కోయాలి.

మొదటి ఏడాది నేను ఉత్సాహంగా ఒక గుబురు మొత్తం వేళ్లతో సహా పెళ్లగించాను. పెద్దాయన ఏమీ అనలేదు. నా బుట్టలోంచి గడ్డలు ఒక్కొక్కటీ తీసి మళ్లీ మట్టిలో పెట్టారు. విత్తనం మొలవడానికే ఏడాదిన్నర పట్టొచ్చట, అది పువ్వు పూసే మొక్క కావడానికి ఏడేళ్ల దాకా. అప్పటినుంచి చిన్న కత్తెర తీసుకెళ్తున్నాను. ఒక మొక్కకి ఒక్క ఆకు కోస్తాను, గడ్డ ముట్టుకోను. ఒకే గుబురు దగ్గర కూర్చుండిపోకుండా నడుస్తూ కోస్తే నలుగురికి సరిపడా ఆకు అరగంటలో వస్తుంది.

ఆకుల్ని తడి గుడ్డలో చుట్టి తెచ్చుకోండి. అక్కడివాళ్లు బంగాళాదుంపలతోనో గుడ్లతోనో వేయిస్తారు. నేను కందిపప్పు ఉడికాక సన్నగా తరిగి వేసి రెండు నిమిషాల్లో దించేస్తాను. ఎక్కువ ఉడికితే ఆ ఘాటు పోతుంది. తాలింపులో వెల్లుల్లి అక్కర్లేదు. మర్నాడు ఆఫీసులో మీటింగ్ ఉంటే మాత్రం ఆ రాత్రి తినకండి. పళ్లు తోముకున్నా ఆ వాసన పోదు.