జైల్లో లంచం అడిగితే కంప్లైంట్ ఎలా పెట్టాలి

మనోడు లోపల ఉంటాడు, ములాఖత్‌కి వెళ్తే గేటు దగ్గర "ఖర్చులకి ఏమైనా చూడండి" అంటారు, ఒక్కసారి ఇచ్చామా ఇక ప్రతిసారీ అదే రేటు ఫిక్స్. అక్కడ గొడవ పడకండి, కోపం వాళ్లు తీర్చుకునేది లోపల ఉన్నోడి మీదే.

బయటికి రాగానే రాసేయండి. తేదీ, టైమ్, ఏ గేటు, బ్యాడ్జ్ నంబర్ కనిపిస్తే అది, ఎంత అడిగాడు, ఏ మాటతో అడిగాడో ఆ మాటే. "వేధించారు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, "సాయంత్రం 4:10కి రెండో గేటు దగ్గర ఇంత అడిగాడు" అని ఉంటే జవాబు చెప్పక తప్పదు. ఫోన్ దాచి లోపలికి తీసుకెళ్లే ఐడియా మాత్రం వద్దు, చాలా చోట్ల అదే పెద్ద కేసు.

ఖైదీలని ఎలా చూడాలో చెప్పే నెల్సన్ మండేలా రూల్స్ అని ఉన్నాయి, ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్నవి, అందులో 56, 57 చదవండి. ఖైదీ రోజూ ఫిర్యాదు చేసుకోవచ్చు, తనుగానీ లాయర్‌గానీ చేయలేకపోతే ఇంట్లోవాళ్లు చేయొచ్చు, కోరితే గోప్యంగా ఉంచాలి, కక్ష తీర్చుకోకూడదు. ఇది నేరుగా చట్టం కాదు, కానీ మీ కంప్లైంట్ లెటర్‌లో రూల్ నంబర్ కనిపిస్తే చదివేవాడు కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

ఆ లెటర్ కాపీలు రెండు తీయండి, ఒకదానిమీద అందినట్టు స్టాంప్ వేయించుకోండి, అది లేకపోతే మీరు ఇచ్చినట్టే కాదు. జవాబు లేటైనా, ఫిర్యాదు కొట్టేసినా, కోర్టుకిగానీ బయటి తనిఖీ అధికారికిగానీ ఆ స్టాంప్ కాపీతోనే వెళ్లాలి.