వలస సీతాకోకలను లెక్కపెట్టేటప్పుడు ముందు దిక్కు రాయండి

మొదటి ఏడాది నా నోట్‌బుక్ నిండా ఒకటే మాట: "ఇవాళ చాలా కనిపించాయి." ఎన్ని, ఎంతసేపట్లో, ఎటు పోతున్నాయి? ఏదీ రాయలేదు. నెల రోజులు పొద్దున్నే లేచి ఎండలో నిలబడి చూసిందంతా ఎవరికీ అక్కరకు రాకుండా పోయింది. ఆ పేజీలు తిరగేస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చెబుతాను: జాతుల పేర్లు మెల్లగా వస్తాయి, ముందు దిక్కు రాయడం అలవాటు చేసుకోండి.

అసలు అది వలస అని ఎలా తెలుస్తుంది? పూల కోసం తిరిగే సీతాకోకకి దారంటూ ఉండదు. వాలుతుంది, లేస్తుంది, వెనక్కి వస్తుంది. వలస పోయేది అలా కాదు. ఒకరోజు డాబా మీద దుప్పటి ఆరేసి ఉంది. డార్క్ బ్లూ టైగర్ అనే జాతి సీతాకోక ఒకటి తిన్నగా దాని మీదికే వచ్చింది. పక్కకి రెండడుగులు జరిగితే దారి ఖాళీయే, కానీ జరగలేదు. దుప్పటిని ఆనుకున్నట్టే నిలువుగా పైకి లేచి, అంచు దాటి, అవతల మళ్లీ అదే ఎత్తుకి దిగి తన దారిన పోయింది. నిమిషం తిరక్కుండా ఇంకోటి వచ్చి అచ్చం అలాగే చేసింది. గోడ దగ్గరైనా, చెట్టు దగ్గరైనా ఈ పద్ధతి కనబడితే ఇక లెక్క మొదలుపెట్టొచ్చు.

రెండు గుర్తులు పెట్టుకోండి, ఒక స్తంభం, ఒక చెట్టు, ఏవైనా సరే. వాటి మధ్య గీత ఉందనుకుని, 15 నిమిషాల్లో దాన్ని దాటినవాటినే లెక్కపెట్టండి. అటు పోయినవి వేరు, ఇటు వచ్చినవి వేరు. రోజూ అదే చోటు, అదే సమయం అయితేనే ఒక రోజుని ఇంకో రోజుతో పోల్చగలం. ఎండ పడి ఒళ్లు వేడెక్కితే గానీ అవి సరిగ్గా ఎగరలేవు కాబట్టి పొద్దెక్కాక మొదలుపెట్టండి. దిక్కుకి ఫోన్లో కంపాస్ చాలు, ఇనుప గ్రిల్‌కి దూరంగా పట్టుకోండి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు: తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వీచేది, కానీ సీతాకోకకి మాత్రం పోతున్న దిక్కే రాయాలి. అయోమయం లేకుండా "తూర్పుకి 43, పడమరకి 2, గాలి నైరుతి నుంచి, సగం మబ్బు" అని విడమరిచి రాయండి. ఒక్కటీ కనిపించని రోజు సున్నా వేయండి. ఆ సున్నాలు లేకపోతే వలస ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో చెప్పలేం.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పెయింటెడ్ లేడీ అనే జాతి సీతాకోకలు వసంతంలో ఆఫ్రికా వైపు నుంచి యూరప్‌కి వస్తాయని తెలుసు, కానీ శరదృతువులో తిరిగిపోవడం ఎవరికీ సరిగ్గా కనబడలేదు. అక్కడే చచ్చిపోతున్నాయేమో అనుకున్నారు. 2009లో వేలమంది మామూలు జనం రాసిన లెక్కల్ని, దక్షిణ ఇంగ్లండ్‌లోని రాడార్ సమాచారాన్ని కలిపి చూస్తే అసలు సంగతి బయటపడింది: సగటున 500 మీటర్ల పైన, కంటికి ఆనని ఎత్తులో తిరిగి వెళ్తున్నాయి. అలాగే కెనడా శాస్త్రవేత్త ఫ్రెడ్ అర్కహార్ట్, ఆయన భార్య నోరా, మోనార్క్ అనే జాతి సీతాకోకల రెక్కలకి చిన్న కాగితపు ట్యాగులు అంటించే పనిని దశాబ్దాల తరబడి ఔత్సాహికులతో చేయించారు. ఆ సీతాకోకలు చలికాలం గడిపే మెక్సికో కొండల ఆచూకీ 1975 జనవరిలో దొరికింది. మరుసటి ఏడాది ఆయన స్వయంగా వెళ్తే, అక్కడ అమెరికాలోని మిన్నెసోటాలో ట్యాగ్ వేసిన ఒక మోనార్క్ కనిపించింది. సుమారు అర గ్రాము బరువుండే ప్రాణి!

దక్షిణ భారతంలో చూడాల్సినవి ముఖ్యంగా బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో. ఏప్రిల్ నుంచి జూన్ వరకు పడమటి కనుమల నుంచి తూర్పుకి, అక్టోబరు తర్వాత తిరిగి పడమటి కనుమల వైపు. మొదటి రెండింటినీ ఎగిరేటప్పుడు విడదీయడం కష్టం, టెన్షన్ పడొద్దు. రెండూ కలిపి "టైగర్లు" అని రాసినా తప్పు లేదు. ఊహించి రాయడమే తప్పు.

దగ్గర్నుంచి చూడాలంటే ఎండిపోయిన గిలిగిచ్చ మొక్కల దగ్గరికి వెళ్లండి. పువ్వు లేదు, పచ్చదనం లేదు, ఉత్త ఎండు పుల్ల. దాని మీద మగ టైగర్లు, క్రోలు వరసగా కూర్చుని తొండం చాచి పీలుస్తుంటాయి. అందులోని చేదు రసాయనాలు వాటికి పక్షుల నుంచి రక్షణ, ఆడవాటిని ఆకర్షించే వాసనకి ముడిసరుకు కూడా. ఆ ధ్యాసలో పడితే వేలు దగ్గర పెట్టినా లేవవు. అయినా పట్టుకోవద్దు, వేలికి అంటుకునే ఆ పొడి వాటి రెక్కల పొలుసులే. రాత్రి కొమ్మలకి గుంపుగా వేలాడుతూ కనిపిస్తే టార్చి కొట్టకండి. తెల్లవారాక ఎండ తగలకముందే వెళ్తే కదలకుండా ఉంటాయి, లెక్క కూడా తేలిక.

ఫొటో తీస్తే రెక్కల అంచు స్పష్టంగా పడేలా తీయండి. చాలా దూరం ఎగిరొచ్చిన పెయింటెడ్ లేడీ నారింజ రంగు వెలిసి, అంచులు చినిగి ఉంటుంది. ప్యూపా నుంచి అప్పుడే వచ్చినదైతే కొత్త బట్టలా మెరుస్తుంది. తారీఖు, చోటు వేసి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెట్టండి. రెక్క చినిగిందా, కొత్తదా అన్నది కూడా ఒక ముక్క రాయండి.