పరిశోధన ప్రణాళిక ఎక్కడ దెబ్బతింటుంది: లక్షణం, కారణం, సవరణ

వరంగల్, హన్మకొండ కాలేజీల్లో సైన్స్ ఫెయిర్‌కు సిద్ధమయ్యే ఇంటర్ విద్యార్థుల పరిశోధన ప్రణాళికలు చాలా ఏళ్లుగా సరిచూస్తున్నాను. ఉద్దేశం, ప్రశ్న, పరికల్పన, పద్ధతి, భద్రత, విశ్లేషణ, చదివిన పుస్తకాల జాబితా. ఏ భాగం తరువాత ఏది రాయాలో మీకు తెలుసు. ఈ భాగాలన్నీ చక్కగా ఉండి కూడా నిలబడని ప్రణాళికల గురించే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క పని చేయండి. ప్రయోగం చివర్లో రీడింగులు నింపవలసిన పట్టికను ఇప్పుడే గీయండి. నిలువు వరుసలకు పేర్లు పెట్టండి, యూనిట్లు రాయండి, అడ్డు వరుసలకు వరుస సంఖ్యలు వేయండి. గళ్లు ఖాళీగా ఉండనివ్వండి. పావుగంట కూడా పట్టదు. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేసి నేరుగా పరిచయం రాయడానికి కూర్చుంటారు. నెల గడిచాక వచ్చి "మేడమ్, ఇప్పుడు ఏమి కొలవాలి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు పట్టిక మొదటి రోజే చెప్పి ఉండేది. కింద రాసిన సమస్యల్లో ఎక్కువ భాగం ఆ ఖాళీ గళ్ల దగ్గరే బయటపడతాయి.

లక్షణం: శీర్షిక ఘనంగా ఉంది, పద్ధతి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది

"వరంగల్ చెరువుల కాలుష్యం: ఒక అధ్యయనం" లాంటి శీర్షికలతో వచ్చే ఇబ్బంది ఇది. అక్కడ ఉన్నది అంశం. ప్రశ్న ఇంకా పుట్టలేదు. పట్టికలో నిలువు వరుసకు పేరు పెట్టబోతే "కాలుష్యం" అని రాయలేరు, ఎందుకంటే దానికి యూనిట్ లేదు. యూనిట్ ఉన్న దాన్ని వెతకండి. "వడ్డేపల్లి చెరువులోకి నీరు వచ్చే చోటా, కట్ట దగ్గరా నీటిలో కరిగిన ఆక్సిజన్ వేరుగా ఉంటుందా?" అంటే అది ప్రశ్న. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని గడి నింపవచ్చు. కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి టైట్రేషనే కాబట్టి లెక్చరర్ పక్కన ఉంటే కాలేజీ ప్రయోగశాలలోనే చేయవచ్చు.

లక్షణం: కొలిచింది ఒకటి, తేల్చింది మరొకటి

నల్గొండ ఫ్లోరైడ్ బాధ వింటూ పెరిగిన పిల్లలకు తమ ఊరి బోరు నీటిని పరీక్షించాలనిపించడం సహజం, మంచిది కూడా. కానీ చేతిలో ఉన్నది టీడీఎస్ మీటరు. ఆ మీటరు నీటి విద్యుత్ వాహకతను కొలిచి, దాని నుంచి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేసి చూపిస్తుంది. ఏ లవణం ఎంత ఉందో చెప్పదు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితులు చూడండి. కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే ఇవి 2000, 1.5 వరకు. వందల అంకెల మధ్య ఒక్క మిల్లీగ్రాము తేడా ఆ మీటరులో ఎలా కనిపిస్తుంది? అయితే పరికరం మార్చండి, లేదా ప్రశ్న మార్చండి. "మా ఊరి బోరు నీటిలో వానకు ముందూ తరువాతా కరిగిన లవణాలు మారుతున్నాయా?" అనే ప్రశ్నకు అదే మీటరు చక్కగా సరిపోతుంది.

పీహెచ్ కాగితానిదీ ఇదే కథ. ఆ కాగితం ఒక్కో యూనిట్ తేడానే చూపిస్తుంటే, 7.2కు 7.5కు మధ్య తేడా మీద ప్రాజెక్టు కట్టకూడదు.

లక్షణం: పరికల్పన ఎప్పటికీ తప్పు కాదు

"సేంద్రియ ఎరువు మొక్కకు మేలు చేస్తుంది" అని రాస్తారు. ఏ ఫలితం వస్తే ఇది తప్పని ఒప్పుకుంటారో పక్కనే ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే పరికల్పన మార్చండి. దీనికి అంతకంటే వివరణ అక్కరలేదు.

లక్షణం: రీడింగులు నిండుగా ఉన్నాయి, గ్రాఫ్ బాగుంది, జడ్జి అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు లేదు

దీని దగ్గర ఆగుతాను. నేను చూసిన వాటిలో మంచి పిల్లల మంచి కష్టాన్ని ఎక్కువగా మింగేసింది ఇదే. ప్రణాళిక చదువుతున్నప్పుడు దీనిలో తప్పేమీ కనిపించదు. గైడు టీచరు సంతకం కూడా సులువుగా పడుతుంది.

మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిర్చి మీద ప్రాజెక్టు అంటే ఇక్కడి పిల్లలకు ఉత్సాహం ఎక్కువ. ప్రణాళిక ఇలా ఉంటుంది. వర్మీ కంపోస్టు మిర్చి నారు ఎదుగుదలను పెంచుతుందా? రెండు ట్రేలు. ఒకదానిలో కంపోస్టు కలిపిన మట్టి, రెండోదానిలో ఉత్త మట్టి. ఒక్కో ట్రేలో 20 మొక్కలు. వారానికోసారి ఎత్తు కొలవాలి. మొత్తం 40 మొక్కలు కదా, ఇంకేమి కావాలి అనిపిస్తుంది.

జడ్జి అడిగే ప్రశ్న: "ట్రేలు ఎన్ని?"

రెండే. అంటే కంపోస్టు ఇచ్చింది 20 మొక్కలకు కాదు, ఒక్క ట్రేకు. ఆ ట్రేలోని మొక్కలన్నీ ఒకే మట్టిలో ఉన్నాయి, ఒకే మగ్గు నీళ్లు తాగాయి, వరండాలో ఒకే మూల ఎండను చూశాయి. ఒక ట్రేకు పొద్దుటి ఎండ తగిలి, రెండోదానికి మధ్యాహ్నం ఎండ తగిలితే ఎత్తుల్లో తేడా వస్తుంది. ఆ తేడా కంపోస్టుదా, ఎండదా? ఎవరూ చెప్పలేరు. ఒక్కో ట్రేలో 20 బదులు 200 మొక్కలు నాటినా చెప్పలేరు.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. అదే గిన్నెలోంచి ఇరవై మెతుకులు పట్టినా ఆ గిన్నె సంగతే తెలుస్తుంది, పక్క పొయ్యి మీది గిన్నె సంగతి తెలియదు. ఇక్కడ ట్రేలోని మొక్కలు మెతుకులు.

ఈ తరహా ప్రాజెక్టు ఒకటి నా మనసులో అలాగే ఉండిపోయింది. వానాకాలంలో ఉత్త మట్టి ట్రేకు నారుకుళ్లు తెగులు తగిలింది. తడి ఎక్కువైన నారుమడిలో ఆ తెగులు ఒక మొక్క నుంచి పక్క మొక్కకు పాకుతుంది. కొద్దిరోజుల్లోనే ట్రే దాదాపు ఖాళీ అయింది. రెండో ట్రే పచ్చగా ఉంది. "వర్మీ కంపోస్టు నారుకుళ్లును అడ్డుకుంటుంది" అని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాశారు. కంపోస్టు నిజంగా అడ్డుకున్నదో, తెగులు ఆ ట్రేలోకి మాత్రమే వచ్చిందో ఆ రెండు ట్రేలు చెప్పలేవు. పిల్లలు రోజూ తెల్లవారే వచ్చి నీళ్లు పోశారు, కొలిచారు, రాశారు. వాళ్ల శ్రద్ధలో లోపం లేదు. మొదటి రోజు ఆ కాగితం మీద ఎవరైనా ట్రేలు లెక్కపెట్టి ఉంటే చాలు.

పరిశోధకులూ ఇందులో పడతారు. పర్యావరణ శాస్త్రవేత్త స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో, అచ్చయిన క్షేత్ర ప్రయోగాలను వరుసగా పరిశీలించి, చాలావాటిలో ఇదే లోపం ఉందని చూపించాడు. ఒకే చోట పదేపదే కొలిచి, ప్రయోగాన్ని పదిసార్లు చేసినట్లు లెక్కవేయడం అన్నమాట.

పట్టుకోవడానికి ఉపాయం మళ్లీ ఖాళీ పట్టికలోనే ఉంది. మొక్క సంఖ్య పక్కన "ఏ ట్రే" అని ఒక వరుస చేర్చండి. ఇప్పుడు పైనుంచి కిందికి చదవండి. "అ, అ, అ, అ" అని ఇరవైసార్లు, తరువాత "ఆ, ఆ, ఆ, ఆ" అని ఇరవైసార్లు వస్తే, మీ దగ్గర ఉన్నవి 40 రీడింగులు కావు. రెండు. ఆ వరుసలో ఎన్ని వేర్వేరు పేర్లు ఉంటే ప్రయోగం అన్నిసార్లు జరిగినట్లు. మిమ్మల్ని మీరు అడగవలసింది ఇదే: ఎరువు విడివిడిగా దేనికి కలిపాను? దాన్ని లెక్కపెట్టండి.

సవరణకు ఖర్చు కూడా లేదు. ట్రేలు పక్కన పెట్టి అడుగున చిల్లు పెట్టిన కాగితపు గ్లాసులు పది తీసుకోండి. గ్లాసుకు ఒక మొక్క. ఐదింటిలో కంపోస్టు మట్టి, ఐదింటిలో ఉత్త మట్టి. నీళ్లు గ్లాసు గ్లాసుకు కొలిచి పోయండి. ఏ గ్లాసుకు ఏ మట్టి, ఏ గ్లాసు ఎక్కడ అనేది చీటీలు వేసి నిర్ణయించండి. బలంగా కనిపించిన మొలకను చేయి తనకు తెలియకుండానే కంపోస్టు వైపు పెడుతుంది, చీటీ అలా చేయదు. వ్యవసాయ ప్రయోగాల్లో ఈ చీటీల పద్ధతిని నిలబెట్టినవాడు రోనాల్డ్ ఫిషర్. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ ఏ మడికి ఏ ఎరువు అనేది నిర్ణయించడానికి దాన్ని తెచ్చాడు.

ఐదు ఐదు ఎందుకో ఇంటర్ గణితంలోని సంయోగాలతోనే తేలుతుంది. కంపోస్టు వల్ల అసలు ప్రభావమే లేదనుకోండి. ఎత్తులు వాటంతట అవే ఎక్కువ తక్కువలుగా ఉన్నాయి. రెండే ట్రేలైతే కంపోస్టు ట్రే ముందుండే అవకాశం రెండింట ఒకటి, నాణెం ఎగరేసినట్లే. మూడు మూడు గ్లాసులైతే ఆరింటిలోంచి మూడింటిని 20 విధాలుగా ఎంచవచ్చు. కాబట్టి ఎత్తైన మూడూ కంపోస్టువే అయ్యే అవకాశం 20లో ఒకటి. ఐదు ఐదు అయితే పదింటిలోంచి ఐదింటిని ఎంచే విధాలు 252. ఎత్తైన ఐదూ కంపోస్టువే అయితే అది ఊరికే జరిగే అవకాశం 252లో ఒకటి. ఈ లెక్కను విశ్లేషణ భాగంలో రాయండి. జడ్జికి మీరు ఆలోచించారని తెలుస్తుంది. చీటీలు వేయకపోతే మాత్రం ఈ లెక్క చెల్లదు.

ఇదే లోపం వేరే వేషాల్లోనూ వస్తుంది. భద్రకాళి చెరువు మెట్ల దగ్గర ఒకే ఉదయం పది సీసాలు నింపితే అవి ఆ మెట్ల దగ్గరి, ఆ ఉదయపు నీళ్లు. "మురుగు కలిసే చెరువులకూ కలవని చెరువులకూ తేడా" అని రాసి చెరో చెరువు తీసుకుంటే, సీసాలు ఎన్నైనా చెరువులు రెండే. కాకతీయుల గొలుసుకట్టు చెరువులున్న ప్రాంతం మనది. దసరాకు హాస్టళ్ల నుంచి ఊళ్లకు వెళ్లే పిల్లలు తలా రెండు చెరువుల దగ్గర అక్కడికక్కడే రీడింగు తీసుకుంటే చెరువుల సంఖ్య పెరుగుతుంది. అంత వీలు లేకపోతే ప్రశ్నను ఆ రెండు చెరువులకే పరిమితం చేసి, ఆ మాట శీర్షికలోనే చెప్పండి. కొత్త బోధనా పద్ధతిని ఒక సెక్షన్‌లో, పాత పద్ధతిని ఇంకో సెక్షన్‌లో పెట్టే ప్రాజెక్టుకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ విద్యార్థులు ఎంతమందైనా సెక్షన్లు రెండు.

ప్రయోగం సగంలో ఉండగా ఇది బయటపడితే గణాంకాలతో సర్దాలని చూడకండి. సర్దుబాటు కాదు. ట్రేలతో చేసినదాన్ని తొలి పరిశీలనగా రాసి, గ్లాసులతో మళ్లీ మొదలుపెట్టండి.

లక్షణం: ప్రణాళిక బాగుంది, కాలం సరిపోదు

మిర్చి నారు నాటుకు రావడానికే సుమారు ఆరు వారాలు కావాలి. కాయ కోతలు డిసెంబరు తరువాతే. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోటెత్తే రోజుల్లో మీరు ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షల్లో ఉంటారు. దిగుబడి మీద ప్రాజెక్టు పెట్టుకోకండి. నారు ఎత్తు, మొలక శాతం చాలు. ఇంకా త్వరగా కావాలంటే పెసలు తీసుకోండి. కొద్దిరోజుల్లోనే మొలుస్తాయి కాబట్టి తప్పు జరిగినా మళ్లీ చేసే వ్యవధి ఉంటుంది.

లక్షణం: ప్రాజెక్టు పూర్తయ్యాక అర్హత లేదన్నారు

అనుమతి తరువాత అడిగితే వచ్చేది కాదు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వారికి జరిగే అంతర్జాతీయ ప్రదర్శన ఐసెఫ్ నియమాల ప్రకారం పరిశోధన ప్రణాళికను ప్రయోగానికి ముందే రాయాలి. మనుషుల మీద అధ్యయనానికి, చిన్న ప్రశ్నావళి అయినా సరే, సమీక్షా మండలి ముందుగా చూడాలి. ఇంట్లో సూక్ష్మజీవులను పెంచడం నిషిద్ధం. పెరుగు మూకుడులో బూజు పెంచి ఫోటోలు తీసుకొచ్చేవారు దీన్ని చదవండి. రాష్ట్ర, జిల్లా పోటీల నియమాలు వేరుగా ఉండవచ్చు. ఆ ఏడాది నియమావళి తెచ్చుకుని ప్రణాళిక పక్కన పెట్టుకోండి.

మిగిలిన అరుదైన కారణాలు

మీటరు రీడింగు నిలకడగా లేకపోతే బ్యాటరీ మార్చండి, ఎలక్ట్రోడును స్వేదనజలంతో కడగండి. పీహెచ్ కాగితం తేమ తగిలి రంగు మారి ఉంటే కొత్తది కొనండి. విత్తనాలు అసలు మొలవకపోతే ప్యాకెట్ మీది గడువు చూడండి. ఇద్దరు కొలిచిన ఎత్తులు కలవకపోతే మట్టి మట్టం నుంచి చిగురు కొన దాకా అని ప్రణాళికలో ఒక వాక్యం చేర్చి, చివరి దాకా ఒకరితోనే కొలిపించండి.